నడిచే యంత్రం కొనాలా, నడిచే దారి అడగాలా?

నలభై దాటిన స్త్రీలకి డాక్టర్లు రాసిచ్చే చీటీలో చివరి లైను దాదాపు అందరికీ ఒకటే: ‘రోజూ అరగంట నడవండి’. షుగరుకీ, బీపీకీ, మోకాళ్ళ నొప్పులకీ, ముట్లుడిగాక వచ్చే ఎముకల బలహీనతకీ, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడానికీ అన్నిటికీ అదే మాట. పైన రాసిన మాత్రలు ఏ షాపులో దొరుకుతాయో మనకి తెలుసు. చివరి లైనులో రాసింది ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఎక్కడ నడవాలి? ఏ వేళప్పుడు నడవాలి? ఆ అరగంట ఇంటిని ఎవరికి అప్పజెప్పి నడవాలి? ఈ మూడు ప్రశ్నలూ డాక్టరుగారి గదిలోకి రావు. అవి మనతోపాటే మెట్లు దిగి ఇంటికొస్తాయి.

ఇప్పుడు ఈ ప్రశ్నలకి మార్కెట్టు ఒక జవాబు తెచ్చింది. వాకింగ్ ప్యాడ్ అంటున్నారు. పెద్ద ట్రెడ్‌మిల్లుకి చెల్లెలు లాంటిది. పల్చగా, చాపంత పొడుగ్గా ఉంటుంది. వాడనప్పుడు మంచం కిందికి తోసెయ్యొచ్చు. పది, పన్నెండు వేల నుంచి దొరుకుతోంది, వాయిదాల్లో కూడా ఇస్తారు. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి రెండు నెలలుగా “కొనుక్కో అమ్మా, నేను డబ్బు పంపుతాను” అంటోంది. నాకు యాభై నాలుగేళ్ళు. షుగరు గీత దాటలేదు గానీ గీత మీదే నిలబడి ఉంది. కొనాలా వద్దా అని నేనూ రెండు నెలలుగా ఆలోచిస్తున్నాను.

ఇది హక్కుల పత్రికలో రాయాల్సిన విషయమా అని మీకు అనిపించవచ్చు. ఒక మధ్యతరగతి స్త్రీ వ్యాయామ యంత్రం కొనుక్కుంటే ఎంత, కొనకపోతే ఎంత? కానీ ఆలోచించేకొద్దీ ఇది ఒక వస్తువు బేరం కాదనిపించింది. అందుకే మీ ముందు పెడుతున్నాను.

యంత్రం మంచిచెడ్డలు

ముందు యంత్రానికి న్యాయం చేద్దాం. దానివల్ల ఉపయోగం లేదని నేను అనను. మాది విజయవాడ. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదింటికే రోడ్డు మీద కాలు పెట్టలేం. వానాకాలంలో సందుల్లో మోకాటి లోతు నీళ్ళు. భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అదుపులో ఉంటుందని డాక్టర్లు చెబుతారు. మన రాత్రి భోజనం ముగిసేసరికి పది దాటుతుంది. ఆ వేళప్పుడు ఎక్కడికి పోతాం? మంచాన పడ్డ అత్తగారినో, వికలాంగురాలైన బిడ్డనో ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్ళలేని స్త్రీలున్నారు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే నర్సులున్నారు. వాళ్ళలో ఎవరైనా కొనుక్కుంటే, అది విలాసమని అనే హక్కు మనకి లేదు.

అయితే చవగ్గా దొరికేదాంట్లో ఏముంటుందో తెలుసుకుని కొనాలి. ప్రకటనల్లో రెండున్నర హార్స్‌పవర్, మూడు హార్స్‌పవర్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. చాలాసార్లు అది మోటారు క్షణకాలం ఇవ్వగల గరిష్ఠ శక్తి. ఆగకుండా ఎంతసేపు ఎంత శక్తి ఇస్తుందన్నది వేరే అంకె. అడగాల్సింది ఆ రెండో అంకె. ఎంత బరువు మోస్తుందో చూడాలి. చవక రకాల్లో చాలావాటికి పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. కళ్ళు తిరిగే బీపీ మనిషికీ, పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు మనిషికీ కమ్మీ లేని యంత్రం ప్రమాదం. బెల్టు కింద అప్పుడప్పుడూ సిలికాన్ ఆయిలు వెయ్యాలి. వెయ్యకపోతే బెల్టు రాపిడికి మోటారు మీద భారం పడుతుంది. పాడైతే బాగుచేసే మనిషి మన ఊళ్ళో ఉన్నాడో లేదో కొనకముందే కనుక్కోవాలి.

పసిపిల్లలున్న ఇళ్ళలో మరీ జాగ్రత్త. 2021లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తన ట్రెడ్‌మిల్లులు సుమారు 1,25,000 వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఒక బిడ్డ చనిపోయింది, మరెంతోమంది గాయపడ్డారు. అది ఖరీదైన యంత్రం సంగతి. చవకది ఇంకెంత భద్రమో ఊహించుకోవచ్చు.

కరెంటు ఖర్చు గురించి భయపడక్కర్లేదు. అరకిలోవాటు మోటారు రోజుకి అరగంట తిరిగితే నెలకి ఏడెనిమిది యూనిట్లు, అంతే. కొన్నది మోసమైతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. కంపెనీ ఎక్కడో ఉందని భయపడక్కర్లేదు. 1915 నంబరుకి ఫోను చేసి చెప్పుకోవచ్చు కూడా.

ఇవన్నీ చూసుకుని, డబ్బులుండి, అవసరం ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. మొదటి నెల దాటాక అది తువ్వాళ్ళు ఆరేసుకునే దండెంగా మారుతుందనీ, దాని మీద దుమ్ము తుడిచే పని కూడా మనకో, మన ఇంట్లో పనిచేసే మనిషికో కొత్తగా తగులుతుందనీ తెలిసే కొనుక్కోవచ్చు. నా ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది.

పొద్దస్తమానం తిరుగుతూనే ఉన్నాంగా?

“పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో తిరుగుతూనే ఉంటాను, ఇంకేం నడక?” ఈ మాట మనం సమావేశాల్లో ఎన్నిసార్లో విని ఉంటాం. ఇందులో నిజం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనిలో పాల్గొనే స్త్రీ జీతం లేని ఆ చాకిరీకి రోజుకి సగటున 289 నిమిషాలు ఖర్చు పెడుతుంది. అంటే సుమారు నాలుగు గంటల యాభై నిమిషాలు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే పురుషుడు ఖర్చు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ పురుషుల అంకె 97. అంటే ఐదేళ్ళలో వాళ్ళ పాలు పెరగలేదు సరికదా, తగ్గింది.

ఇంత పని చేస్తున్న మనకే శారీరక శ్రమ చాలడం లేదని ఇంకో లెక్క చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 2022 నాటికి స్త్రీలలో 57 శాతం మంది, పురుషుల్లో 42 శాతం మంది ఆరోగ్యానికి కావలసినంత కదలిక లేనివాళ్ళు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో కదలాలన్నది వాళ్ళ కొలత. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ ఆ మోస్తరు వేగం.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మన పని మనల్ని అలసిపోయేలా చేస్తోంది, ఆరోగ్యంగా ఉంచడం లేదు. పొయ్యి దగ్గర నిలబడటం, సింకు దగ్గర నిలబడటం, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడటం. నడుమూ కాళ్ళూ లాగేస్తాయి గానీ గుండె వేగం పెరగదు. వంటింటి నుంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ పది అడుగుల చొప్పున రోజంతా తిరుగుతాం. ఆగి ఆగి తిరిగే ఆ తిరుగుడుకి ఊపిరి వేగం కూడా పెరగదు. శ్రమ ఉంది. అది మన శరీరం కోసం చేసే శ్రమ కాదు. తేడా అక్కడే ఉంది.

అందరి సంగతీ ఒకటి కాదు కూడా. మా ఇంట్లో పనిచేసే ఆమె రోజుకి ఐదిళ్ళు తిరుగుతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య నడకే. పోయిన నెల ఆమెకీ షుగరు బయటపడింది. “నన్నూ నడవమన్నారమ్మగారూ డాక్టరు. ఇంకెక్కడికి నడవను?” అని నవ్వింది. ఆమెకి కావలసింది యంత్రం కాదు. వేళకి తిండి, వారానికో రోజు సెలవు, మందులు క్రమంగా అందే బస్తీ ఆసుపత్రి. స్త్రీల ఆరోగ్యం అని అందరికీ కలిపి ఒకే చీటీ రాసినప్పుడు ఈ తేడాలు కనపడకుండా పోతాయి.

బయట ఏముంది?

సరే, యంత్రం వద్దనుకుని బయట నడుద్దామంటే బయట ఏముంది? మా ఊరి సంగతే చెబుతాను. మీ ఊళ్ళో కూడా ఇంతకన్నా గొప్పగా ఉంటుందని నేననుకోను. ఊరి మధ్యనుంచి మూడు కాలవలు పోతున్నాయి, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. ఇన్ని కాలవ గట్లున్న ఊళ్ళో నడిచేవాళ్ళకి చోటు కరువు కాకూడదు. కానీ గట్టు మీద చాలాచోట్ల దీపాలుండవు. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద మోటారు సైకిళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్లెక్సీ బోర్డుల కర్రలు. లేనిచోట లారీల పక్కన నడవాలి. చీకటితో బయల్దేరితే కుక్కల గుంపులు. తెల్లవారాక బయల్దేరితే బండి మీద వచ్చి మెడలో గొలుసు తెంపుకుపోయేవాళ్ళు. దానికి మనకి దొరికే సలహా ఏమిటి? బంగారం వేసుకుని రావద్దు, ఒంటరిగా రావద్దు, చీకట్లో రావద్దు. ఈ సలహాలన్నీ కలిపి చదివితే చివరికి మిగిలేది ‘రావద్దు’ అన్న ఒక్క మాటే.

పార్కుల సంగతి చూడండి. చాలా పార్కులు తెల్లవారుజామునే తెరిచి ఎండెక్కేసరికి మూసేస్తారు. మళ్ళీ తెరిచేది సాయంత్రమే. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా మన ఇళ్ళలో ఏం జరుగుతూ ఉంటుంది? పాలు, కాఫీలు, క్యారేజీలు, స్కూలు బస్సు. సరిగ్గా మనం కదల్లేని వేళకి గేటు తెరిచి, మనకి కాస్త తీరిక దొరికే పదకొండింటికి తాళం వేస్తారు. ఆ వేళలు ఎవరి దినచర్య చూసి పెట్టారో వేరే చెప్పాలా? లోపలికి వెళితే ఆడవాళ్ళకి పనికొచ్చే మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం. షుగరున్న స్త్రీకి, కాన్పుల తర్వాత మూత్రం ఆపుకోలేని స్త్రీకి అది చిన్న విషయం కాదు. ఆ ఒక్క కారణంతో నడక మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఆ కారణం బయటికి చెప్పరు, “బద్ధకం” అని చెబుతారు.

వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇంకొకటుంది. ఆడమనిషి బయట కనపడాలంటే చేతిలో ఒక పని ఉండాలి. పాల ప్యాకెట్టో, గుడి బుట్టో, పిల్లాడి చెయ్యో. ఊరికే, తన కోసం తాను నడుస్తూ కనపడితే ఆమెకి పనీపాటా లేదనుకుంటారు. వాకింగుకి వెళ్ళొస్తూ కూరగాయల సంచి మోసుకొచ్చే స్త్రీలని గమనించండి. ఆ సంచి కూరల కోసమే కాదు, అనుమతి చీటీ కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) అడిగిన ప్రశ్నల్లో ఒకటి, బజారుకీ, ఆసుపత్రికీ, ఊరి బయటికీ ఒంటరిగా వెళ్ళడానికి మీకు స్వేచ్ఛ ఉందా అని. మూడింటికీ ఉందని చెప్పగలిగిన స్త్రీలు దేశం మొత్తం మీద 42 శాతం. పనుండి పోయే చోట్లకే ఇలా ఉంటే, పని లేకుండా నడవడానికి ఎంతమందికి వీలుంటుంది?

వీధిలోకి రావడం మనకి కొత్తేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు వీధిలోకి వచ్చే సారా దుకాణం మూయించారు. ధర్నాలకి, ఊరేగింపులకి, పాదయాత్రలకి మైళ్ళకి మైళ్ళు నడిచాం. అందరి కోసం రోడ్డెక్కడానికి వెనకాడని మనమే మన ఒంటి కోసం రోడ్డెక్కాలంటే సిగ్గుపడతాం. మన సంస్థల్లో పనిచేసే స్త్రీలనే అడిగి చూడండి. పాతికేళ్ళు పల్లెలు తిరిగినవాళ్ళు మోకాళ్ళు పట్టేశాక కూడా, “నాకోసం అరగంటా?” అంటారు.

ప్రేమతో కట్టే గోడ

ఈ నేపథ్యంలో మళ్ళీ ఆ యంత్రం దగ్గరికి వద్దాం. అది చాలా ఇళ్ళలోకి వచ్చే తీరు చూస్తున్నాను. మా పక్క వీధిలో ఒకావిడ ఏడాదిపాటు ఇంకో ఇద్దరితో కలిసి తెల్లవారుజామున నడిచింది. ఒకరోజు ఎవరో కుర్రాడు బండి ఆపి వెకిలిగా మాట్లాడాడు. ఇంట్లో చెప్పింది. వారం తిరక్కుండా యంత్రం వచ్చింది. “ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే హాయిగా నడువు” అన్నాడు భర్త. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే ఆమె మీద ప్రేమతో కొన్నాడు. కానీ ఫలితం ఏమిటి? తప్పు చేసిన కుర్రాడు రోడ్డు మీద ఉన్నాడు. ఏ తప్పూ చెయ్యని మనిషి ఇంట్లోకి వచ్చేసింది. మిగిలిన ఇద్దరూ కూడా, ముగ్గురు ఇద్దరయ్యాక ధైర్యం చాలక మానేశారు. ఒక్క యంత్రం ఆ వీధిలోంచి ముగ్గురు స్త్రీలని తీసేసింది.

ఇది ఒక ఇంటికథ కాదు, మన సమాజం ప్రతిసారీ వెతుక్కునే పరిష్కారం. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి హత్య చేశారు. ఆగస్టు 14 అర్ధరాత్రి పశ్చిమ బెంగాల్ అంతటా వేలాదిమంది స్త్రీలు రాత్రి మాది కూడా అంటూ వీధుల్లోకి వచ్చారు. కొద్ది రోజులకే అక్కడి ప్రభుత్వం తన భద్రతా చర్యల్లో భాగంగా వీలైనంతవరకూ స్త్రీలకి రాత్రి డ్యూటీలు తప్పించమని సూచించింది. స్త్రీలు రాత్రిని అడిగితే ప్రభుత్వం ఇంటిని చూపించింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, భద్రత కల్పించడం మీ బాధ్యత గానీ స్త్రీలని పని మానిపించడం కాదని చెప్పాల్సి వచ్చింది. ఆ ఉత్తర్వుకీ, మా పక్క వీధి యంత్రానికీ కొలతలో తేడా ఉంది, తర్కం మాత్రం ఒకటే. ఘోషా ఈ రోజుల్లో తెరల రూపంలో రానక్కర్లేదు, మోటారు పెట్టుకుని కూడా రావచ్చు.

ఇంకో సంగతి. ఇంట్లో యంత్రం మీద నడిచే అరగంట నిజంగా ఎవరిది? హాల్లో బెల్టు మీద నడుస్తున్న స్త్రీ చెవి కుక్కరు విజిల్ మీదే ఉంటుంది. “నా తువ్వాలేదీ?” “కాలింగ్ బెల్లు మోగుతోంది చూడు” “అమ్మా, చార్జరెక్కడ?” ఆమె ఆపుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. వాకింగుకి వెళ్ళిన మగవాణ్ణి ఎవరూ మధ్యలో పిలవరు, అతను తిరిగొచ్చేదాకా ఆగుతారు. బయట నడిచినప్పుడు మనకి దొరికేది గాలి ఒక్కటే కాదు. ఎవరి పిలుపుకీ అందకుండా ఉండే అరగంట దొరుకుతుంది. ఇంకో నలుగురు ఆడవాళ్ళతో మనసు విప్పి మాట్లాడుకునే అరగంట దొరుకుతుంది. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీ తన సంగతి మొదటిసారి ఇంకొకరికి చెప్పుకున్నది ఇలాంటి నడకల్లోనే అని, కేసులు చూసేవాళ్ళం మనకి తెలుసు. ఏ యంత్రమూ దాన్ని ఇవ్వలేదు.

నా నిర్ణయం, మన పని

నేను కొనడం లేదు. నాకు కాళ్ళు బాగానే ఉన్నాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నన్ను ఆపుతున్నది నా ఒళ్ళు కాదు, మా రోడ్డు. కొన్నానంటే ఆ రోడ్డు గురించి అడిగేవాళ్ళలో ఒకరు తగ్గుతారు. మా అమ్మాయికి ఇదే చెప్పాను. “నీ షుగరు మునిసిపాలిటీ కోసం ఆగుతుందా అమ్మా?” అంది. సరైన ప్రశ్నే. ఆగదు. అందుకే రోడ్డు బాగుపడేదాకా కూర్చోకుండా, మా అపార్ట్‌మెంటు మేడ తాళం చెవి అడిగి తీసుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక ఐదుగురం ఆడవాళ్ళం మేడ మీద నడుస్తున్నాం. పొద్దున్న వారానికి నాలుగు రోజులు నలుగురం కలిసి రోడ్డు మీదికి వెళుతున్నాం. మేడ మీద నడక ఖర్చులేని వాకింగ్ ప్యాడే, కాకపోతే మనుషులతో.

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న ప్రతి స్త్రీనీ ఒక్క ప్రశ్న వేసుకోమంటాను. నన్ను నడవనివ్వకుండా ఆపుతున్నదేమిటి? ఒంటి బాధో, ఎండో, రాత్రి డ్యూటీయో, వదిలి వెళ్ళలేని రోగో అయితే కొనుక్కోండి, కమ్మీ ఉన్నది చూసి కొనుక్కోండి. భయమో, అనుమతి లేకపోవడమో, ఇంటిపని పంచుకునేవాళ్ళు లేకపోవడమో అయితే, కొన్నా ఆ కారణం అలాగే ఉంటుంది. కనపడకుండా మాత్రమే పోతుంది.

మన సంఘాలు చెయ్యగలిగిన పని చాలా ఉంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. పాదచారుల కోసం మార్గదర్శకాలు తయారు చెయ్యాలని రాష్ట్రాలని ఆదేశించింది. ఆ మాట పట్టుకుని మన వార్డుల్లో అడగాలి. మన రెండు రాష్ట్రాల పట్టణ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. ఆ కార్పొరేటర్లని, కౌన్సిలర్లని ఒక పొద్దున్న మనతో నడవమని పిలవాలి. భర్తలని కాదు, వాళ్ళనే. ఏ స్తంభానికి దీపం లేదో, ఏ మలుపు దగ్గర భయమో నడుస్తూ చూపించాలి. పార్కులు పగలంతా తెరిచి ఉంచాలని, మరుగుదొడ్ల తాళాలు తియ్యాలని, బడి గంటలయ్యాక మునిసిపల్ స్కూళ్ళ ఆటస్థలాలు స్త్రీలకీ ఆడపిల్లలకీ తెరవాలని అడగాలి. వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫుట్‌పాత్ అని మనం అడగ్గానే అధికారులు మొదట తీసేసేది ఫ్లెక్సీలనీ కాదు, కార్లనీ కాదు. పూలమ్మే ఆమెనీ, ఇడ్లీ బండినీ. మన నడక కోసం ఇంకో స్త్రీ బతుకు తొలగించడానికి మనం ఒప్పుకోకూడదు. వీధి వ్యాపారుల చట్టం 2014 వాళ్ళకి హక్కులిచ్చింది, పట్టణ విక్రయ కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు స్త్రీలు ఉండాలని చెప్పింది. ఆ కమిటీతో కలిసి కూర్చుని అడగాలి. పైగా తెల్లవారుజామున వీధిలో పూల బుట్టతో ఒక స్త్రీ కూర్చుని ఉంటే మనకి ఎంత ధైర్యమో, ఒంటరిగా నడిచిన వాళ్ళకి తెలుసు. సీసీ కెమెరా కన్నా ఆమె నయం.

ఇంటి లోపల చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. ఆ అరగంట క్యారేజీలు ఎవరు కడతారన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. రోజుకి 88 నిమిషాలు చేసేవాళ్ళు ఇంకో ముప్ఫై చేస్తే ఏమీ అరిగిపోరు. ఈ సంభాషణ తప్పించుకోవడానికి పన్నెండు వేలు ఖర్చు పెట్టడం చాలామందికి తేలిక. కానీ ఆ సంభాషణ జరక్కుండా యంత్రం కూడా తిరగదు. దాని మీద నిలబడటానికైనా అరగంట తీరిక కావాలి కదా.

వచ్చే సంచికలోగా మీ మీ సంఘాల్లో ఒక పని చేద్దాం. ఒక పొద్దున్న, ఒక సాయంత్రం కనీసం పదిమంది స్త్రీలు మీ పేటలో కిలోమీటరు దూరం కలిసి నడవండి. దీపం లేని స్తంభాలు, తాళం వేసిన మరుగుదొడ్లు, నడవలేని చోట్లు, మాటలు పడ్డ చోట్లు ఒక కాగితం మీద రాయండి. ఒక ప్రతి మీ మునిసిపల్ కమిషనర్‌కీ, ఒక ప్రతి మన పత్రికకీ పంపండి. పది ఊళ్ళ కాగితాలు ఒకచోట చేరితే, అవి పట్టుకుని అధికారుల దగ్గరికి కలిసి వెళ్ళవచ్చు.